భూగర్భజలంలో యురేనియం, 4వ పాఠం: రీడింగ్ సున్నా అయితే యురేనియం లేనట్టేనా?

మన మిషన్ లేజర్ ఫ్లోరిమీటర్, అంటే లేజర్ తగిలినప్పుడు యురేనియం ఇచ్చే వెలుగును కొలిచేది. స్వేదనజలంలో స్టాండర్డ్‌లు (యురేనియం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) కలిపి గీసిన కాలిబ్రేషన్ గీత (రీడింగ్‌ను యురేనియం మోతాదుగా మార్చే గీత) అందరికీ తిన్నగానే వచ్చింది. అసలు బోరు నీళ్లు పెట్టేసరికే తంటా మొదలైంది. చాలామందికి రీడింగ్ బ్లాంక్‌ను (యురేనియం లేని నీళ్ల రీడింగ్‌ను) దాటి పెద్దగా పైకి లేవలేదు. దాంతో ‘యురేనియం లేదు’ అని రాసేశారు. ఈసారి చెప్పాల్సిన స్పెక్ట్రమ్ పాఠాన్ని పక్కనపెట్టి ముందు ఈ ముడి విప్పుదాం.

రేడియం కూడా ఈ మిషన్‌కు దొరుకుతుందా అని అడిగినవాళ్లకు ఒక్క మాట: దొరకదు. లేజర్ కదిపేది ఎలక్ట్రాన్లను, కేంద్రకంతో దానికి పనిలేదు. నీళ్లలోని రేడియం, రేడాన్ ఇలా వెలగవు. యురేనియం ఐసోటోపులైన 234, 238ల తేడా కూడా ఇక్కడ తెలియదు. మనకొచ్చేది లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములన్న లెక్కే, రేడియోధార్మికతను కొలిచే బెక్వెరెల్ కాదు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 30 మైక్రోగ్రాముల హద్దు కూడా కిడ్నీలకు జరిగే రసాయన హానిని చూసి పెట్టిందే.

ఇక ముడి సంగతి. 337 నానోమీటర్ల నైట్రోజన్ లేజర్ తగలగానే యురేనిల్ అయాన్ (నీళ్లలో కరిగిన యురేనియం రూపం) ఆకుపచ్చగా వెలుగుతుంది. కానీ భూగర్భజలంలో అది ఎక్కువగా కార్బొనేట్‌తో ముడిపడి ఉంటుంది, ఆ రూపంలో వెలుగు దాదాపు ఉండదు. అందుకే పైరోఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) కలుపుతాం. అది యురేనిల్‌ను తనవైపు లాక్కుని బాగా వెలిగే రూపంలోకి తెస్తుంది. ఆమ్లం వేసి నిల్వచేసిన నమూనా అయితే బఫర్ కలిపాక పీహెచ్ 7 దగ్గరే ఉందో లేదో చూడండి. సేంద్రియ పదార్థం కూడా నీలంగా వెలుగుతుంది గానీ నానోసెకన్లలో ఆరిపోతుంది. యురేనియం వెలుగు మైక్రోసెకన్ల పాటు నిలుస్తుంది కాబట్టి డిటెక్టర్ కాస్త ఆగి తెరుచుకుంటే చాలు.

బఫర్ వేసినా వదలని దొంగలు క్లోరైడ్, ఇనుము, మాంగనీసు. యురేనియం నీళ్లలోనే ఉంటుంది, దాని వెలుగును మాత్రం ఇవి మింగేస్తాయి. దీన్నే క్వెంచింగ్ అంటారు. స్వేదనజలంలో ఇవేవీ ఉండవు. ఆ గీత మీద ఉప్పు నీళ్ల రీడింగ్ పెట్టడమంటే ఒకరి కళ్లజోడు ఇంకొకరికి తగిలించడమే. ఎన్నిసార్లు చెప్పినా జనం ఆ గీతనే పట్టుకుని వేలాడతారు, నాకు చిరాకు. నేనైతే మిషన్ బాగుందో లేదో చూడటానికి తప్ప గీత జోలికి పోను. ప్రతి నమూనాలోనూ స్టాండర్డ్ కలిపే కొలుస్తాను.

6 మిల్లీలీటర్ల నీళ్లు, 0.6 మిల్లీలీటర్ల బఫర్. బ్లాంక్ తీసేసిన రీడింగ్ మొదటిది. అదే కువెట్‌లో (నమూనా పోసే చిన్న పాత్రలో) లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న స్టాండర్డ్‌ను 60 మైక్రోలీటర్లు వేస్తే, నమూనాకు లీటరుకు 10 మైక్రోగ్రాములు చేర్చినట్టు. మళ్లీ చదివితే రెండోది. మొదటిదాన్ని ఆ రెండిటి తేడాతో భాగించి 10తో గుణించండి. శుభ్రమైన నీళ్లలో 240, 400 వస్తే: 240 ÷ 160 × 10 = 15.

ఉప్పు నీళ్లలో అదే 15 మైక్రోగ్రాములకు 12, 20 రావచ్చు. లెక్క మళ్లీ 15 అనే చెబుతుంది. సంబరపడొద్దు. రీడింగ్ 2 అటూ ఇటూ ఊగితే 14, 18 కావచ్చు, అప్పుడు జవాబు 35. లేదా 10, 22 కావచ్చు, అప్పుడు 8. కాబట్టి తేడా చిన్నదైతే ఆ జవాబును నమ్మకండి, నీళ్లను పలుచన చేయండి. బఫర్ వేయకముందే, స్వేదనజలంతో, 5 రెట్లు. 12 కాస్తా 2.4కు పడిపోవాలి కదా? పడదు, 10 దగ్గర ఆగుతుంది. యురేనియంతోపాటు దొంగలూ పలచబడ్డారు మరి. స్టాండర్డ్ వేశాక 43. 10 ÷ 33 × 10 × 5, సుమారు 15. అదే ఊగిసలాటకు ఇప్పుడు హద్దులు 11, 21. పలుచన చేస్తే రీడింగ్ పడాల్సినంత పడకపోవడమే క్వెంచింగ్‌కు గుర్తు. చాలామంది రీడింగ్ తగ్గుతుందన్న భయంతో పలుచన చేయరు.

కఠినజలమైతే బఫర్ వేయగానే తెల్లగా మసకబారవచ్చు. వడకట్టకండి, దానికీ పలుచనే మందు.

అభ్యాసం కాస్త గట్టిదే. మిషన్, స్టాండర్డ్ పైవే, రీడింగ్ ఊగేది 2.
‘అ’ నీళ్లు: 90, 250.
‘ఆ’ నీళ్లు: 40, 60. 5 రెట్లు పలుచన చేశాక 27, 94.
‘ఇ’ నీళ్లు: 3, 6.
ప్రతిదానికీ జవాబుతోపాటు ఊగిసలాట హద్దులూ కట్టండి. ఒకదానికి ఇప్పుడే అంకె రాయకూడదు. అది ఏది, ఎన్ని రెట్లు పలుచన చేస్తారు, అప్పుడు మొదటి రీడింగ్ ఎంత రావాలని మీ అంచనా?