రూటర్‌తో రేడియం కటింగ్: తేడా వస్తే ఎక్కడ చూడాలి

సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ నడిపే కోత మిషన్) ఉంటే, స్టిక్కర్లు కోసే ప్లాటర్ లేకపోయినా బోర్డు వినైల్, అంటే మనం రేడియం అనే స్టిక్కరు షీటు, కోసుకోవచ్చు. బిట్‌ను పట్టుకునే కోలెట్‌లో డ్రాగ్ నైఫ్ (మోటారుతో తిరగకుండా, ఈడ్చుకుంటూ కోసే కత్తి) హోల్డర్ బిగిస్తే చాలు. కాకపోతే ముందు ప్రోగ్రామ్‌లోంచి స్పిండిల్ మోటారును తిప్పే ఎం3 లైను తీసేయండి, ఆ మోటారును నడిపే వీఎఫ్‌డీ కరెంటు కూడా ఆపేయండి. ఆ లైను మిగిలిపోతే కత్తి గిర్రున తిరిగి ఎటు ఎగురుతుందో చెప్పలేం.

ఒక మూల తెగుతోంది, ఇంకో మూల తెగట్లేదు

అందరూ ముందు బ్లేడు మారుస్తారు. నన్నడిగితే ముందు బెడ్డు (వినైల్ పరిచే మిషన్ బల్ల) చూడాలి. మామూలు వినైల్ మందం 80 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ప్లైవుడ్ కోసేటప్పుడు బెడ్డు అర మిల్లీమీటరు ఎత్తుపల్లాలున్నా పట్టించుకోం. ఇక్కడ అది వినైల్ మందానికి ఆరు రెట్లు! పైగా బెడ్డు మీది ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. వెడల్పు బిట్‌తో పైపైన ఒకసారి సర్ఫేసింగ్ చేసి చదును చేయండి, వినైల్‌ను ముడత లేకుండా మాస్కింగ్ టేపుతో అంటించండి.

అంతకంటే మేలు స్ప్రింగ్ హోల్డర్. దాని ముక్కు వినైల్‌ను తాకుతూ నడుస్తుంది కాబట్టి లోతును నిర్ణయించేది బ్లేడు ఎంత బయటికి ఉందన్నదే. జెడ్ (కత్తిని పైకీ కిందికీ కదిపే అక్షం) దించితే పెరిగేది స్ప్రింగ్ ఒత్తిడి మాత్రమే. స్ప్రింగ్ లేని హోల్డరైతే భారమంతా జెడ్ మీదే. ఓ ముక్క కోసి పీకి చూడండి. వెనక కాగితం మీద సన్నటి గీత పడాలి, కాగితం మాత్రం తెగకూడదు.

మూలలు గుండ్రంగా వస్తున్నాయి

బ్లేడు మొన ఇరుసుకు కాస్త వెనకగా ఈడ్చుకుంటూ వస్తుంది. ప్లాటర్ రకం బ్లేడ్లలో ఈ ఆఫ్‌సెట్ తరచుగా 0.25 మిల్లీమీటర్లు. బిట్ కోసం రాసిన టూల్‌పాత్‌కు (మిషన్ నడిచే దారికి) ఈ సంగతి తెలీదు. డ్రాగ్ నైఫ్ టూల్‌పాత్ వాడి 20 మిల్లీమీటర్ల చదరం కోయండి. మూల ఇంకా గుండ్రంగా ఉంటే ఆఫ్‌సెట్ పెంచండి, బయటికి చెవిలా పొడుచుకొస్తే తగ్గించండి. ఎంత మార్చినా అలాగే ఉంటే, మాక్3 సాఫ్ట్‌వేర్‌తో మిషన్ నడిపేవాళ్లు జీ64 (మూలల్లో ఆగకుండా సాగే పద్ధతి) బదులు జీ61 (ప్రతి మూలా కచ్చితంగా చేరి ఆగే పద్ధతి) పెట్టి చూడండి. మొదలూ చివరా కలవకపోతే అర మిల్లీమీటరు ఓవర్‌కట్ (మొదలుపెట్టిన చోటు దాటి ఇంకాస్త కోయడం) చాలు.

అక్షరం మధ్యలో అడ్డగీతలు

మిషన్ తప్పు కాదు. తెలుగు ఫాంట్లలో తలకట్టు, గుడి, కొమ్ము అక్షరం మీద విడి ముక్కలుగా ఎక్కి కూర్చుంటాయి. కత్తి ఆ ముక్కలన్నీ విడివిడిగా కోస్తుంది. డిజైన్ చేసే కోరల్‌డ్రాలో అక్షరాలను కర్వ్స్‌గా (గీతలుగా) మార్చి వెల్డ్ చేయండి, అంటే ముక్కలన్నీ ఒకటిగా కలపండి.

చిన్న ఒత్తులు లేచిపోతున్నాయి

బ్లేడు మొద్దుబారిందా అన్న అనుమానం ఇక్కడైతే సబబే. వేగం తగ్గించి, 60 డిగ్రీల బ్లేడు వేయండి. మలుపుల్లోనే చిరుగుతుంటే హోల్డర్‌లో వినైల్ పీలిక ఇరుక్కుని బ్లేడు తిరగడం లేదన్నమాట. విప్పి తుడిచి, బేరింగ్‌కు ఒక్క చుక్క నూనె వేయండి.

విసుగొచ్చి పక్కనున్న లేజర్ మీద మాత్రం పెట్టకండి. ఈ వినైల్ పీవీసీయే; అది కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ మీ ఊపిరితిత్తులనూ, మిషన్ ఇనుమునూ తినేస్తుంది.