పాత ఉద్యోగం మానేసి కొత్త లైన్‌లోకి వెళ్తున్నారా? అప్లికేషన్ నింపే ముందు ఈ జాగ్రత్తలు

ఫార్మా కంపెనీ స్టోర్స్‌లోనో, ప్రైవేటు స్కూల్లోనో ఆరేళ్లు చేసి మానేసి, అమీర్‌పేటలో డేటా అనలిటిక్స్ నేర్చుకుని, ఇప్పుడు అప్లికేషన్లు పెట్టబోతున్నవారి కోసం ఇది. ఇంటర్వ్యూ పోతే ఇంకోటి వస్తుంది. ఆఫర్ వచ్చాక, మీరిచ్చిన వివరాలు నిజమేనా అని కంపెనీ సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆగిపోతే మాత్రం దెబ్బ గట్టిగా తగులుతుంది. వెనక్కి వెళ్లడానికి పాత ఉద్యోగం కూడా ఉండదు. అక్కడ ఆపేది చాలాసార్లు ఒక తేదీ, లేదా పేరులో ఒక అక్షరం.

ముందు తేదీల సంగతి చూడండి. అపాయింట్‌మెంట్ లెటర్, రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, ఈపీఎఫ్ సర్వీస్ హిస్టరీ (ఏ కంపెనీలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో చూపే పీఎఫ్ రికార్డు) పక్కపక్కన పెట్టుకుని, చేరిన రోజు, మానేసిన రోజు ఒక కాగితం మీద రాసుకోండి. రెజ్యూమెలో, నౌక్రీలో, లింక్డ్‌ఇన్‌లో అవే తేదీలు ఉండాలి. ట్రైనీగా చేరినప్పుడు పీఎఫ్ కట్టకుండా, పర్మనెంట్ అయ్యాక మొదలుపెట్టిన కంపెనీలుంటాయి. మీదీ అలాంటిదే అయితే అసలు చేరిన తేదీనే రాసి, రుజువుగా అపాయింట్‌మెంట్ లెటర్ దగ్గర ఉంచుకోండి.

సర్వీస్ హిస్టరీలో ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ ఖాళీగా ఉందేమో తప్పకుండా చూడండి. పాత కంపెనీ నమోదు చేయకపోతే మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. కొత్త కంపెనీకి ఒకేసారి రెండు ఉద్యోగాలేమోనన్న అనుమానం వస్తుంది, పీఎఫ్ బదిలీ కూడా ఆగుతుంది. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టినా కదలకపోతే మీరే చేసుకోవచ్చు. 12 అంకెల యూఏఎన్‌ (మీ పీఎఫ్ గుర్తింపు నంబరు)తో ఈపీఎఫ్ మెంబర్ పోర్టల్‌లోకి వెళ్లి, ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కండి. ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. చివరి కంట్రిబ్యూషన్ పడి రెండు నెలలు దాటాకే ఇది కుదురుతుంది. ఆ చివరి కంట్రిబ్యూషన్ ఏ నెలదో ఆ నెలలోని తేదీనే తీసుకుంటుంది. ఒకసారి పెట్టాక మార్చుకోవడం కష్టం, కాబట్టి రిలీవింగ్ లెటర్ ముందు పెట్టుకునే నింపండి.

ఇక మన ఇంటిపేరు. టెన్త్ మెమోలో ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో చివర. ఫారమేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అంటుంది. లాస్ట్ నేమ్‌లో ఇంటిపేరు పూర్తిగా, టెన్త్ మెమోలోని స్పెల్లింగ్‌తోనే రాయండి. ఆధార్, పాన్, యూఏఎన్ మూడింట్లో పేరు ఒకేలా లేకపోతే ఆ దిద్దుబాటు ఇప్పుడే మొదలుపెట్టండి, ఆఫర్ వచ్చాక అంత వ్యవధి ఉండదు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లు మ్యారేజ్ సర్టిఫికెట్ స్కాన్ చేసి ఉంచుకోవాలి.

నేర్చుకున్న నెలల్ని దాచొద్దు. పాత ఉద్యోగం మానేసిన తేదీని తర్వాతి నెలలకు జరిపి ఆ ఖాళీ పూడ్చడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. ‘2025 మార్చి – ఆగస్టు: పూర్తికాల శిక్షణ, ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ’ అని ఒక లైన్ చాలు, కింద చేసిన ప్రాజెక్టు పేరు రాయండి. డబ్బు తీసుకుని ‘మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతాం’ అనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. లెటర్లు, పేస్లిప్పులు వాళ్లు ముద్రించగలరు. పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా పడిన కంట్రిబ్యూషన్‌నీ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడిన జీతాన్నీ పుట్టించడం అంత తేలిక కాదు. చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది.

టోటల్ ఎక్స్‌పీరియన్స్ 6 ఏళ్లు, రిలవెంట్ 0 అని రాయడానికి చాలామంది జంకుతారు. అదే సరైన జవాబు. పాత పనిలో కొత్త పనికి పనికొచ్చే ముక్క ఉంటే దాన్ని బయటికి తీయండి. ‘స్టోర్స్ చూసుకున్నాను’ అంటే చదివేవారికి ఏమీ తెలియదు. ‘1,200 ఐటమ్‌ల స్టాక్‌ను ఎక్సెల్‌లో నిర్వహించాను, నెలాఖరున ఫిజికల్ స్టాక్‌తో సరిచూసి తేడాల రిపోర్టు ఇచ్చాను’ అంటే అది డేటా పనే. అంకె మీ రిజిస్టర్‌లో ఉన్నదే రాయండి, ఇంటర్వ్యూలో దాని మీదే అడుగుతారు.

జీతం గడిలో చేతికొచ్చే 28,000ను 12తో గుణించి 3.36 లక్షలు సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అని రాస్తే తక్కువ చెప్పినట్టే. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా సీటీసీలో కలుస్తాయి, ఆఫర్ లెటర్ లేదా చివరి ఇంక్రిమెంట్ లెటర్ చూసి రాయండి. గడి లక్షల్లో అడిగిందా, రూపాయల్లో అడిగిందా అన్నదీ చూసుకోండి. ‘ఇమ్మీడియట్ జాయినర్’ అన్నది రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాకే పెట్టండి.

ల్యాప్‌టాప్ డిపాజిట్, రిజిస్ట్రేషన్ ఫీజు అని ఎవరైనా డబ్బడిగితే ఆ అప్లికేషన్ అక్కడితో వదిలేయండి. కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రెజ్యూమె ఒకే కాలమ్‌లో, పీడీఎఫ్‌గా ఉండాలి. పోర్టల్ దాన్ని చదివి గడులు తానే నింపినప్పుడు తేదీలు తారుమారవుతుంటాయి, ఒక్కో గడీ చూడండి. సబ్మిట్ నొక్కేముందు ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ తీసి, కంపెనీ పేరుతో ఫోల్డర్‌లో వేసుకోండి. వెరిఫికేషన్ ఫారం వచ్చినప్పుడు ఇవే వివరాలు మళ్లీ అడుగుతారు, అప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి నింపండి.