ఇంటి పన్ను బకాయి పేరుకుపోతే ఏం చేయాలి: విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల వారికి దరఖాస్తు విధానం

మార్చి వచ్చిందంటే వార్డు సచివాలయం వాళ్లు ఇంటింటికీ తిరుగుతారు. చేతిలో నోటీసు పెట్టి "నెలాఖరుకి కట్టేయాలమ్మా" అంటారు. అందులో అంకె చూసి కొందరు కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టేస్తారు. ఇంకొందరు ఆ వారమే చెవి దుద్దులు తాకట్టు పెట్టి కట్టేస్తారు. ఆ అంకె ఎలా వచ్చిందో ఇద్దరూ అడగరు. బకాయి కాగితాలు పట్టుకుని వచ్చే వాళ్ల దగ్గర కూర్చుని దరఖాస్తులు రాసిపెట్టే పని నాది. అందుకే మొదట చెప్పే మాట ఒకటే: డబ్బు తేవడానికి ముందు లెక్క తేవాలి.

ఇంటి పన్ను ఆరు నెలలకోసారి పడుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక అర్ధసంవత్సరం, అక్టోబరు నుంచి మార్చి రెండోది. మొదటిదానికి జూన్ 30, రెండోదానికి డిసెంబరు 31 గడువు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే మన వాడుకలో రెండు రూపాయల వడ్డీ. ఆరు నెలల పన్ను 600 రూపాయలైతే నెలకు 12 రూపాయలు చొప్పున పెరుగుతుంది. రెండేళ్లు ఊరుకుంటే ఆ ఒక్క అర్ధసంవత్సరానికే 288 రూపాయల వడ్డీ. ఈలోగా పడే మిగతా అర్ధసంవత్సరాల పన్నుకూ ఇలాగే వడ్డీ తోడవుతుంది. అయితే ఇది బారువడ్డీ, చక్రవడ్డీ కాదు. ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి రెండు రూపాయల వడ్డీ బాకీ తీర్చడం నష్టం. డైలీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర తెచ్చి కట్టడం మరీ నష్టం. అప్పు తప్పదనుకుంటే డ్వాక్రా సంఘం పొదుపులోంచో, సంఘం అప్పులోంచో తీసుకోండి.

లెక్క తీసుకోవడం కష్టం కాదు. పాత రసీదు మీద మీ ఇంటి పన్ను ఖాతా నంబరు, అంటే అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది. అది పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్తే ఏ అర్ధసంవత్సరానికి పన్ను ఎంత, వడ్డీ ఎంత అనేది విడివిడిగా ప్రింటు (డిమాండ్ ప్రింటు) తీసి ఇవ్వమని అడగొచ్చు. మొత్తం ఒక్క అంకెగా చెబితే సరేననకండి. పురపాలక శాఖ వెబ్‌సైట్లోనూ, ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్రలోనూ (9552300009) బకాయి చూసుకోవచ్చు. రసీదులన్నీ పోయినా భయం లేదు, ఇంటి నంబరు, యజమాని పేరుతో వెతికి తీస్తారు. కుళాయి చార్జీల ఖాతా వేరు. రెండూ కలిపి చెప్పారేమో అడిగి చూడండి.

ఇప్పుడు ఆ ప్రింటును నిదానంగా చదవాలి. ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే కాబట్టి తొందరపడకండి.

మొదట ఇంటి కొలత. సొంతవాళ్లే ఉంటున్న ఇల్లు 375 చదరపు అడుగుల లోపు ఉంటే ఏడాదికి పన్ను 50 రూపాయలే. ఒక గది, వంటిల్లు, చిన్న వరండా ఉన్న కాలనీ ఇళ్లు చాలావరకు ఇందులోకి వస్తాయి. కొలత తప్పుగా ఎక్కితే ఈ లాభం పోతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. పింఛను అర్హత చూసేటప్పుడు పట్టణాల్లో ఇంటి విస్తీర్ణం 1000 చదరపు అడుగులు దాటిందా అని పరిశీలించడం ఉంది. పన్ను రికార్డులో తప్పు అంకె ఉంటే దాని దెబ్బ పింఛను దాకా వెళ్లగలదు. బకాయి ఉన్నంత మాత్రాన పింఛను ఆపే నిబంధన మాత్రం లేదు. ఎవరైనా అలా బెదిరిస్తే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

తర్వాత వాడకం. ఇంటి ముందు గదిలో ఒకప్పుడు కిరాణా కొట్టు నడిపి మూసేసి ఉంటారు. రికార్డులో అది ఇంకా వ్యాపారమనే ఉంటుంది, పన్ను కూడా ఆ లెక్కనే పడుతుంటుంది. అలాగే ప్లాను లేకుండా కట్టారని వేసే పెనాల్టీ పద్దు ఒకటి ఉంటుంది. అసలు ప్లానే లేదంటే అది పన్నుతో సమానం కావచ్చు. మీ ప్రింటులో ఆ పద్దు ఉంటే ఏ ఆధారంతో వేశారో అడగండి. ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్ నంబర్లు పడటం కూడా జరుగుతుంది. తాతగారి పేరు మీద ఒకటి, కొడుకు పేరు మీద ఒకటి. ఒకదానికి కడుతూ ఉంటారు, రెండోది బకాయిగా పెరుగుతూ ఉంటుంది.

కూలిపోయిన ఇళ్ల సంగతి మనవైపు ప్రత్యేకంగా చెప్పాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానుల్లో ఎన్ని పెంకుటిళ్లు పడిపోయాయో మనకు తెలుసు. పలాస, కాశీబుగ్గ వైపు వాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. ఇల్లు పడిపోయిందని మున్సిపాలిటీకి రాసి ఇవ్వనంత కాలం రికార్డులో ఆ ఇల్లు నిలబడే ఉంటుంది, పన్ను పడుతూనే ఉంటుంది. ఇప్పటికైనా తొలగింపు దరఖాస్తు పెట్టండి. తుపాను నష్టపరిహారం తీసుకున్న కాగితం, అప్పటి ఫొటో ఉంటే జతచేయండి. ఆ తర్వాత ఖాళీ స్థలానికి పన్ను వేరుగా ఉండొచ్చు, అది కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

వలస వెళ్లే కుటుంబాలకు పనికొచ్చే సేవ మరొకటి ఉంది, దాని సంగతి తెలిసినవాళ్లు తక్కువ. చెన్నైకో హైదరాబాదుకో పనికి పోయి సంక్రాంతికే ఇంటికొచ్చేవాళ్లు, ఇంటికి తాళం వేసి అద్దెకు కూడా ఇవ్వకపోతే, ఆ అర్ధసంవత్సరపు పన్నులో సగం వరకు తగ్గించమని అడగొచ్చు. దీన్ని వేకెన్సీ రెమిషన్ అంటారు. ఇల్లు ఖాళీగా ఉన్న కాలంలోనే దరఖాస్తు పెట్టాలి, సిబ్బంది వచ్చి చూసుకుంటారు. నాలుగేళ్ల కిందటి సంగతి ఇప్పుడు చెబితే నడవదు. అందుకని ఊరు విడిచే ముందే పెట్టండి.

తప్పు ఏదో తేలాక దానికి తగ్గ దరఖాస్తు పెట్టాలి. కొలత, వాడకం, పన్ను మొత్తం మీద అభ్యంతరమైతే రివిజన్ పిటిషన్, అంటే పన్నును మళ్లీ పరిశీలించమనే అర్జీ. యజమాని చనిపోయి ఉంటే ముందుగా పేరు మార్పు. దానికి మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం కావాలి. కొత్తగా పన్ను పెంచుతూ ప్రత్యేక నోటీసు వచ్చి ఉంటే అభ్యంతరం చెప్పే గడువు ఆ నోటీసు మీదే రాసి ఉంటుంది. అది దాటనివ్వకండి. ఇవన్నీ వార్డు సచివాలయంలోనే ఇవ్వొచ్చు.

లెక్కలో తప్పేమీ లేదు, డబ్బే లేదు అంటే వాయిదాల కోసం అర్జీ పెట్టాలి. ఇది హక్కు కాదు, అధికారి విచక్షణ. కానీ కాగితం మీద అడిగినవాడికీ, అడగనివాడికీ తేడా ఉంటుంది. మాటలు ఎక్కువ అక్కర్లేదు, ఇలా రాస్తే చాలు:

"మున్సిపల్ కమిషనర్ గారికి,

అయ్యా, నా అసెస్‌మెంట్ నంబరు ఫలానా. ఫలానా తేదీ నాటికి బకాయి ఇంత, అందులో వడ్డీ ఇంత. నేను రోజు కూలి చేసుకుంటాను, బియ్యం కార్డు ఉంది, ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. ఈ అర్ధసంవత్సరపు పన్ను ఈ రోజే చెల్లిస్తున్నాను. పాత బకాయిని నెలకు ఇంత చొప్పున ఇన్ని నెలల్లో చెల్లించడానికి అనుమతి ఇప్పించి, అంతవరకు జప్తు చర్యలు నిలిపివేయమని ప్రార్థన."

నెలకు ఎంత కట్టగలరో నిజంగా ఆలోచించి రాయండి. వెయ్యి అని రాసి రెండో నెలకే ఆపేసేకంటే మూడు వందలు రాసి నిలబెట్టుకోవడం మేలు. బియ్యం కార్డు, ఆధార్, డిమాండ్ ప్రింటు జతచేయండి. అనారోగ్యం వల్ల ఆగిపోయి ఉంటే ఆసుపత్రి కాగితం కూడా పెట్టండి. కట్టిన సొమ్ము ఏ పద్దు కింద జమవుతుందో ముందే అడగండి. పాత బకాయి కింద వేసేసి ఈ ఏడాది పన్ను అలాగే మిగిలిందనే ఫిర్యాదులు నా దగ్గరికి వచ్చాయి.

రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మా దగ్గరి ఒక పట్టణంలో ఓ పెద్దావిడ మూడుసార్లు అర్జీ ఇచ్చింది. ఒక్కదానికీ రసీదు లేదు. నాలుగోసారి "మీరు ఎప్పుడూ అడగలేదు కదా" అన్నారట. ముద్ర వేయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అది మున్సిపల్ ఆఫీసులోనూ, కలెక్టరేట్‌లోనూ ఉంటుంది, అక్కడ అర్జీకి నంబరు పడుతుంది. ఆ నంబరు పట్టుకుని 1100కు ఫోన్ చేస్తే ఎంతవరకు వచ్చిందో చెబుతారు.

వడ్డీ మాఫీ గురించి ప్రతి ఏడాదీ అడుగుతారు. 2023 మార్చిలో పాత బకాయిల మీద వడ్డీ మొత్తం, 2025 మార్చిలో సగం ప్రభుత్వం తీసేసింది. ప్రతిసారీ షరతు ఒకటే, అసలు మొత్తం ఒకేసారి కట్టాలి. మళ్లీ వస్తుందని ఆశతో కూర్చోవద్దు. నెలకు కొంత పక్కన పెట్టుకోండి. మాఫీ వస్తే ఆ డబ్బు చేతిలో ఉంటుంది, రాకపోయినా బకాయికే పనికొస్తుంది. ఏప్రిల్ 30 లోపు ఆ ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఉంది కానీ, బకాయి ఉన్నవాళ్లు దానికోసం అప్పు చేయకండి.

జప్తు మాటకొస్తే, బిల్లు, తర్వాత డిమాండ్ నోటీసు, ఆ తర్వాతే వారెంటు, అంటే సామాను జప్తు చేసే ఉత్తర్వు. ఈ వరుస దాటి ఎవరూ సామాను పట్టుకుపోలేరు. కట్టుబట్టలు, పరుపులు, వండుకునే పాత్రలు, చేతివృత్తి పనిముట్లు జప్తుకు పనికిరావు. కుట్టు మిషను మీద బతికే మనిషి ఇది తప్పక తెలుసుకోవాలి. వారెంటు వస్తే ఆ రోజే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఫోన్ నంబరు 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దానిపై అప్పీలు ఉండదు కాబట్టి, కుదరని మొత్తానికి సంతకం పెట్టకండి.

పల్లెల్లో ఇంటి పన్ను చూసేది పంచాయతీ కార్యదర్శి. అక్కడా లెక్క అడగడం, రాతలో ఇవ్వడం, ముద్ర వేయించుకోవడం ఇవే. మన ఊళ్లలో ఇంటికొకరు సైన్యంలో ఉంటారు కాబట్టి ఒక మాట: సైనికుల ఒక ఇంటికి పంచాయతీ పన్ను మినహాయింపు ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ధ్రువీకరణ తీసుకోవాలి.

దరఖాస్తు మీద ఉత్తర్వు వచ్చాక ఆఖరి పని ఒకటి ఉంటుంది. ఉత్తర్వు కాగితం చేతికొచ్చినంత మాత్రాన కంప్యూటర్లో అంకె మారినట్టు కాదు. మళ్లీ డిమాండ్ ప్రింటు తీయించండి. కొలతో వడ్డీయో ఏది మారాలో అది మారిందని కళ్లారా చూసుకున్నాకే డబ్బు కట్టండి.