యాక్సెస్ డినైడ్ వస్తే పర్మిషన్ కంటే ముందు పేరు చూడండి

భీమవరంలో ఒక రొయ్యల ప్లాంట్ అనుకుందాం. కాటా దగ్గర గుమస్తా తన విండోస్ లాగిన్‌తో ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్)లోని వెబ్ సర్వీసులో తూకం ఎక్కిస్తాడు. స్లిప్పు ఇంకో సర్వర్‌లోని షేర్ ఫోల్డర్‌లో పడాలి, పడదు. వెంటనే ఫోల్డర్‌కి ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. అది ప్రమాదమే కాదు, ఒక్కోసారి దండగ కూడా: రిక్వెస్ట్ పేరు లేకుండా ‘అనానిమస్ లాగాన్’గా వెళ్తుంటే, అది మామూలుగా ఎవ్రీవన్‌లో ఉండదు.

ముందు ఐఐఎస్ లాగ్‌లో సబ్‌స్టేటస్ (ఎర్రర్ నంబర్ వెనకుండే చిన్న నంబర్) చూడండి. 401.1 అంటే లాగినే కుదరలేదు, 401.3 అంటే వెబ్ సర్వర్ మీద ఫైల్ పర్మిషన్ లేదు. ఒక 401 వచ్చి వెంటనే 200 (పని అయింది) వస్తే కంగారొద్దు, విండోస్ అథెంటికేషన్ తీరే అంత. కోడ్ లోపల షేర్‌కి రాస్తూ ఆగిపోతే మాత్రం సాధారణంగా 500 (సర్వర్ లోపలి ఎర్రర్) కనిపిస్తుంది. అప్పుడు వెబ్ సర్వర్‌లో ప్రాసెస్ మానిటర్ (ఏ ప్రోగ్రాం ఏ ఫైల్‌ను తాకుతోందో చూపే టూల్) పెట్టి, యాక్సెస్ డినైడ్ వరుసలో డీటెయిల్ చదవండి. ‘ఇంపర్సనేటింగ్’ (అతని పేరుతో వెళ్తోంది) అని గుమస్తా పేరుందా? లేకపోతే వెళ్తున్నది యాప్ పూల్ ఖాతా, అంటే వెబ్ సర్వీసు నడిచే ఖాతా. ఐఐఎస్ ఇచ్చే డిఫాల్ట్ ఖాతా అయితే, డొమైన్‌లో (కంపెనీ విండోస్ ఖాతాలన్నీ ఒకేచోట ఉండే నెట్‌వర్క్) అది కంప్యూటర్ ఖాతాగా, చివర డాలర్ గుర్తుతో వెళ్తుంది. దానికి షేర్ పర్మిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్క్ మీద ఫోల్డర్‌కి ఉండే) పర్మిషన్ రెండూ ఇవ్వాలి. వరసగా రెండు తూములుంటే చిన్న తూము వదిలినంతే చేనికి నీరు.

గుమస్తా పేరే ఉండి, ఫైల్ సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో అనానిమస్ లాగాన్ కనిపిస్తే అది డబుల్ హాప్, అంటే ఒకే గుర్తింపు రెండు సర్వర్లు దాటాల్సి రావడం. ఎన్‌టీఎల్‌ఎం అనే పాత లాగిన్ పద్ధతి ఆ గుర్తింపును రెండో సర్వర్‌కి మోయలేదు. కెర్బెరాస్ (టికెట్లతో నడిచే లాగిన్ పద్ధతి), డెలిగేషన్ (యూజర్ తరఫున ముందుకు వెళ్లే అనుమతి) కావాలి. పూల్ డొమైన్ ఖాతాతో నడుస్తుంటే సైట్ పేరుకు హెచ్‌టీటీపీ ఎస్‌పీఎన్ (ఏ సర్వీసు ఏ ఖాతాదో డొమైన్‌లో చెప్పే పేరు) ఆ ఖాతా మీదే ఉండాలి, ఐఐఎస్ విండోస్ అథెంటికేషన్‌లో కెర్నల్ మోడ్ ఆన్‌లో ఉంటే ‘యూజ్ యాప్‌పూల్ క్రెడెన్షియల్స్’ ట్రూ చేయాలి. ఒకే ఎస్‌పీఎన్ రెండు ఖాతాల మీద ఉంటే కెర్బెరాస్ పనిచేయదు. సెట్‌ఎస్‌పీఎన్ కమాండ్‌కు ఎక్స్ స్విచ్ (-X) ఇస్తే జంటలు బయటపడతాయి. ఆ పూల్ ఖాతాకే, ఫైల్ సర్వర్ సీఐఎఫ్‌ఎస్ (ఫైల్ షేర్ సర్వీసు) వరకు మాత్రమే డెలిగేషన్ ఇవ్వండి.

తుపాను రోజుల్లో కరెంటు పోయి వచ్చాక మొదలైతే గడియారం చూడండి. సీమాస్ బ్యాటరీ (గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ) అయిపోయిన పీసీ టైము, డొమైన్ కంట్రోలర్ (లాగిన్లు చూసే సర్వర్) టైముతో 5 నిమిషాలకు మించి తేడా పడితే కెర్బెరాస్ మామూలుగా ఒప్పుకోదు.

అసలు ఫోల్డర్‌లో మనిషికో హక్కు అక్కర్లేకపోతే ఇంపర్సనేషన్ (గుమస్తా పేరుతో వెళ్లడం) ఎందుకు? పూల్ ఖాతాతో రాయించి, గుమస్తా పేరు రికార్డులో పెట్టండి. మా ఓటు దీనికే.

మార్పు చేశాక పరీక్ష సర్వర్ మీదే చేయొద్దు, లూప్‌బ్యాక్ చెక్ (సర్వర్ తనకు తానే లాగినవ్వకుండా చేసే తనిఖీ) వల్ల 401.1 రావచ్చు. కాటా పీసీలోనే, ఒకసారి లాగాఫ్ అయి వచ్చాక చూడండి. పాత కెర్బెరాస్ టికెట్టు ఉన్నంతసేపూ కొత్త సెట్టింగ్ తెలియదు.