"ఇటు చూడు నాన్నా" అనకుండా పిల్లల చూపు కలపడం ఎలా

మా సెంటర్‌కి మొదటిసారి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది కుర్చీలో కూర్చోగానే పిల్లాడి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుతారు. "మేడంని చూడు నాన్నా, హాయ్ చెప్పు." మొహం తిరుగుతుంది, కళ్ళు మాత్రం సీలింగ్ ఫ్యాన్ మీదికి పోతాయి.

నేను గుంటూరులో స్పీచ్ థెరపిస్టుని. మాటలు రాలేదని వచ్చేవాళ్ళే ఎక్కువ, కానీ ఈమధ్య దానికంటే ముందు "కళ్ళలోకి చూడట్లేదు మేడం" అనే మాట వినిపిస్తోంది. రాత్రంతా ఫోన్లో వెతికి, టెన్షన్ పడి వస్తారు పాపం. వాళ్ళకి ఇంట్లో చెయ్యమని చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఆపాల్సినవి రెండు: గడ్డం పట్టి తిప్పడం, "ఇటు చూడు, ఇటు చూడు" అని వెంటపడటం. అడిగితే చూడరు పిల్లలు. చూస్తే ఏదో బావుంటుందని తెలిస్తే చూస్తారు. మన మొహం వాళ్ళకి అందేచోట పెట్టడం, అక్కడ చూడదగ్గది ఏదైనా జరిగేలా చెయ్యడం, ఈ రెండూ మన పనులు.

ముందు వయసు చూసుకోండి

నెల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని "నన్ను కాదమ్మా, నా తలపైకి చూస్తోంది, అక్కడ ఎవరున్నారో ఏమో" అని భయపడే అమ్మమ్మలుంటారు. ఎవరూ లేరు. అప్పుడే పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త బాగా కనిపిస్తాయి, అంటే పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఉండేంత దూరం. మొదటి నెలలో చూపు ఎక్కువగా మొహం అంచుల మీద, నుదురూ నల్లటి జుట్టూ కలిసేచోట ఆగుతుంది. రెండో నెలకి కళ్ళ మీదికి దిగుతుంది. మనం నవ్వితే తిరిగి నవ్వడం కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది.

మూడు నాలుగు నెలల పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు, ఊ కొడతారు, ఉన్నట్టుండి మొహం పక్కకి తిప్పేస్తారు. కాసేపు చాలు అని చెప్పడం అది. ఎటు తిప్పితే అటు మీ మొహం పెట్టి వెంటాడకండి, ఆగితే వాళ్ళే తిరిగి వస్తారు.

తొమ్మిది నెలలు దాటాక అసలు సంగతి మొదలవుతుంది. వీధిలో కుక్క కనిపిస్తే కుక్కని చూసి, వెంటనే మిమ్మల్ని చూసి, మళ్ళీ కుక్కని చూస్తారు, నువ్వూ చూశావా అన్నట్టు. ఎవరైనా కొత్తవాళ్ళు ఎత్తుకోబోతే భయపడాలో వద్దో తేల్చుకోవడానికి అమ్మ మొహం చూస్తారు. ఏడాది దాటాక దానికి వేలు పెట్టి చూపించడం కూడా తోడవుతుంది. ఏ పిల్లాణ్ణి చూసినా నేను మొదట వెతికేది ఈ చూపునే. ఎన్ని సెకన్లు కళ్ళలోకి చూశాడని వాచీ పట్టుకుని లెక్కపెట్టే నాన్నలున్నారు. ఆ సెకన్లు నాకు అక్కర్లేదు. ఏదైనా బావుంటే మీతో పంచుకోవడానికి మీ వైపు చూస్తున్నాడా? అది చెప్పండి చాలు.

బ్లాకులు పేర్చుకుంటున్న రెండేళ్ళ పిల్లాడు మిమ్మల్ని పట్టించుకోకపోతే పనిలో మునిగాడని అర్థం. ఏదైనా అడిగితే పైకి చూస్తూ ఆలోచించే ఐదేళ్ళ పిల్లా అంతే, మనమూ అదే చేస్తాం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి లెక్క వేరు: రెండు నెలలు ముందే పుట్టిన బిడ్డకి ఇప్పుడు నాలుగు నెలలైతే, రెండు నెలల బిడ్డ చేసేవే ఆశించాలి.

మొహం ఎదురుగా, అదే ఎత్తులో

మన ఇళ్ళలో దీనికి ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. కాళ్ళు చాపుకుని, పసిబిడ్డని కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి నూనె రాస్తారు చూడండి, అంతకంటే మంచి చోటు ఏ థెరపీ గదిలోనూ లేదు. ఇద్దరి మొహాలూ ఎదురెదురుగా ఉంటాయి, కాస్త వంగితే దూరం కూడా సరిపోతుంది. ఆ కాసేపు టీవీ కట్టేసి, "చెయ్యేదీ, బొజ్జేదీ" అంటూ నెమ్మదిగా రాయండి. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం ఏమీ ఆశించకండి. కళ్ళలో సబ్బు పడుతుంటే ఎవరూ ఎవరినీ చూడరు.

కొంచెం పెద్దయ్యాక మనం ఆ ఎదురుమొహం పోగొట్టుకుంటాం. చంకనెత్తుకుంటే ఇద్దరమూ ఒకే వైపు చూస్తాం. ఉప్పుమూట ఆడితే మొహమే కనపడదు. పార్కులో ఉయ్యాల వెనకనుంచి తోస్తాం. ఇవి మానమని చెప్పను, వీటితో పాటు ఎదురుగా ఉండే ఆట రోజూ ఒక్కటైనా ఉండాలి. ఉయ్యాలకి ముందు నిలబడి పిల్లాడి పాదాలు పట్టుకుని తొయ్యండి. వాడు నేలమీద ఆడుతుంటే మీరు ఎదురుగా బోర్లా పడుకోండి. మోకాళ్ళ నొప్పులున్న తాతయ్యలు పిల్లాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుంటే సరిపోతుంది.

ఆడించి, ఆపి, ఆగండి

నేను నేర్పేవాటిలో బాగా పనిచేసేది ఇదే, తల్లిదండ్రులకి బాగా కష్టమయ్యేదీ ఇదే. ఉయ్యాల బాగా ఊపి, ఊపు మీదుండగా పట్టుకుని ఆపండి. నోరు మెదపకుండా, ఇంకా కావాలా అన్నట్టు మొహం పెట్టి, మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది మూడు దగ్గరే "ఇంకా కావాలా? చెప్పు! ఇంకా అను!" అని మొదలుపెడతారు. అక్కడితో పిల్లాడికి అడగాల్సిన పని తప్పిపోతుంది. మీరు ఆగితే వాడికి అనుమానం వస్తుంది, ఏమైందని తలెత్తి మీ మొహం చూస్తాడు. చూపు తాకిందో లేదో, ఊపెయ్యండి. "గుడ్ బాయ్, చూశావు" అని మెచ్చుకోవద్దు. ఉయ్యాల ఊగడమే ఆ చూపుకి జవాబు. చూడకుండా కాలు ఆడించినా, మీ చెయ్యి లాగినా, అదీ అడగడమే, అప్పుడూ ఊపండి. ఏడిపించేదాకా మాత్రం ఆపకండి.

కితకితలు పెట్టేటప్పుడు, చున్నీ మొహానికి అడ్డం పెట్టి దోబూచులాడేటప్పుడు కూడా ఇంతే. తిరునాళ్ళలో అమ్మే సబ్బు బుడగల సీసా ఒకటి కొనండి. బుడగలు ఊదాక మూత గట్టిగా బిగించి పిల్లాడి చేతికి ఇవ్వండి. తెరవడం రాక మీ దగ్గరికే తెస్తాడు, అప్పుడు తొందరపడి లాక్కోకుండా ఒక్క క్షణం ఆగండి. కొందరు బిస్కెట్‌ని కళ్ళ దగ్గర పట్టుకుని చూపిస్తారు. పిల్లాడు బిస్కెట్‌ని చూస్తాడు, మనల్ని కాదు. నేనైతే అలా చెయ్యమని చెప్పను.

కారు బొమ్మ తిరగేసి చక్రమే తిప్పుకుంటూ కూర్చునే పిల్లలుంటారు. లాక్కుని "ఇలా నడపాలి" అని పాఠం చెప్పకండి. ఇంకో కారు తెచ్చుకుని ఎదురుగా కూర్చుని మీరూ చక్రం తిప్పండి. తను చేసేదే ఇంకొకరు చేస్తుంటే ఎంత మొండి పిల్లాడైనా ఎప్పుడో అప్పుడు తల ఎత్తుతాడు.

పేరు పిలిచే విషయంలోనూ ఒక మాట. రోజులో పేరు పిలిచే ప్రతిసారీ అది "ముట్టుకోకు", "దిగు", "రా స్నానానికి" అని ముగుస్తుంటే, ఆ పేరుకి తిరిగి చూడటం వాడికి లాభమా? పిలిచి, చూడగానే నవ్వి వదిలెయ్యండి, అప్పుడప్పుడు.

ఫోన్, తిట్లు

ఫోన్ చూపిస్తూ అన్నం పెడితే గిన్నె ఖాళీ అవుతుంది, నిజమే. కానీ రోజుకి మూడుసార్లు ఎదురెదురుగా కూర్చునే అవకాశం ఫోన్‌కి వెళ్ళిపోతుంది. రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ వద్దని, ఐదేళ్ళదాకా రోజుకి గంట దాటకూడదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది. ఇంట్లోవాళ్ళతో అప్పుడప్పుడు వీడియో కాల్ పరవాలేదు. అయితే డాలస్‌లో ఉన్న మనవడు కాల్‌లో తన కళ్ళలోకి చూడట్లేదని బెంగపడే నాయనమ్మలు గుర్తుపెట్టుకోండి: కెమెరా ఒకచోట, మీ మొహం ఒకచోట ఉంటాయి. వాడు మీ మొహాన్నే చూస్తున్నా మీకు పక్కకి చూస్తున్నట్టే ఉంటుంది.

ఇంకో తిరకాసు మన పెంపకంలోనే ఉంది. తప్పు చేసినప్పుడు "నా కళ్ళలోకి చూసి చెప్పు" అంటాం. చూస్తే "పెద్దవాళ్ళ కళ్ళలోకి కళ్ళు పెట్టి చూస్తావా?" అంటాం. కళ్ళు కలపడం అంటే తిట్లు పడటమే అని పిల్లాడు తేల్చుకుంటే వాడి తప్పేముంది? కోప్పడాల్సి వస్తే కోప్పడండి, ఆ సమయంలో చూపు అడగకండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

మూడు నెలలు దాటినా మొహం చూసి నవ్వకపోతే, తొమ్మిది నెలలు దాటినా పేరుకి పలక్కపోతే, ఏడాది దాటినా టాటా చెప్పడం లాంటి సైగలేవీ లేకపోతే, ఏడాదిన్నరకి వేలు పెట్టి ఏదీ చూపించకపోతే ఆగొద్దు. వచ్చిన మాటలు, నవ్వు, చూపు పోతే ఏ వయసులోనైనా వెంటనే వెళ్ళాలి. "వాళ్ళ నాన్నా అంతే, ఐదేళ్ళకి మాట్లాడాడు" అనే మాటతో ఏళ్ళు గడిచిపోతాయి.

చూపు కలపకపోవడానికి ఆటిజం (మనుషులతో కలిసే, మాట్లాడే తీరు వేరుగా ఉండే ఎదుగుదల తేడా) ఒక్కటే కారణం కాదు. ముందు కళ్ళు, చెవులు చూపించండి. కంటిపాపలో తెల్లగా ఏదైనా కనిపిస్తే ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నాలుగు నెలలు దాటాక మెల్లకన్ను కనిపించినా చూపించాలి. గర్భం 34 వారాలు నిండకముందే పుట్టినా, పుట్టినప్పుడు రెండు కిలోలకంటే తక్కువ ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా (కంటి లోపలి వెనక పొర) పరీక్ష జరగాలి. చెవులకి ఇంట్లో పళ్ళెం మోగించి చూసే పరీక్ష చాలదు. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలు ఆ పరీక్షలో పాసైపోతారు.

ఒకవేళ ఆటిజం అని తేలితే, పైన చెప్పిన ఆటలన్నీ అప్పుడూ పనికొస్తాయి, ఒక్క మార్పుతో. కళ్ళలోకి చూడటం చాలా ఇబ్బందిగా ఉంటుందని ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు ఎందరో చెప్పారు. కాబట్టి చూపుని లక్ష్యంగా పెట్టకండి. పక్కన కూర్చుని, మీ చెయ్యి పట్టుకుని, బొమ్మ తెచ్చి ఒళ్ళో పెట్టి కూడా పిల్లలు మనతో మాట్లాడతారు. "ముందు చూడు, అప్పుడు ఇస్తా" అని బలవంతపెట్టే చోట పిల్లాణ్ణి చేర్పించొద్దనే నా సలహా.

డబ్బు గురించి ఆగకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వైద్య బృందం రావాలి. వాళ్ళు అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు, అక్కడ పరీక్షలూ థెరపీ ఉచితం. మీ ఊరి అంగన్‌వాడీ టీచర్ని అడిగితే దారి చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ కూడా ఉంది. వెళ్ళేముందు ఇంట్లో ఆడుతున్నప్పుడు, తింటున్నప్పుడు, పేరు పిలిచినప్పుడు తీసిన చిన్న చిన్న వీడియోలు ఫోన్లో పెట్టుకోండి. కొత్తచోట పిల్లలు వేరేలా ఉంటారు, ఆ వీడియోలు మాకు చాలా పనికొస్తాయి. వీలైతే పిల్లాడు కడుపునిండా తిని, నిద్రపోయి లేచే సమయానికి అపాయింట్‌మెంట్ తీసుకోండి.