పిల్లలతో తిరగడానికి పాత ఇంపాలా కొనే ముందు

అమెరికాలో 60ల నాటి షెవర్లే ఇంపాలా కారు కొందామనుకుంటే, వెడల్పాటి సీట్లు చూసి మురిసిపోయే ముందు బెల్టులు చూడండి. 1968కి ముందు బండ్లలో వెనక సీటుకి బెల్టులు ఉండకపోవచ్చు, ఉన్నా నడుముకి మాత్రమే. బూస్టర్ సీటుకి (పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు) భుజం బెల్టు కూడా కావాలి కాబట్టి, తెలిసిన మెకానిక్‌తో ఆ బెల్టుల్ని బలమైన చోట బిగించాకే పిల్లల్ని ఎక్కించండి.

- 1966 వరకు బ్రేకులకి ఒకటే సర్క్యూట్, అంటే బ్రేకు ద్రవం వెళ్లే దారి ఒక్కటే. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది, రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే భాగం) వేయించాల్సిందే. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.
- 1958-64 మోడళ్లది ఎక్స్ ఆకారపు ఫ్రేమ్ (బండి అడుగున ఉండే చట్రం), పక్కనుంచి గుద్దితే రక్షణ తక్కువ. నేనైతే 1965 నుంచే చూస్తాను.
- లిఫ్ట్ ఎక్కించి ఫ్రేమ్ తుప్పు చూడండి.
- పొడవు దాదాపు 18 అడుగులు, గ్యారేజీ కొలుచుకోండి.