అప్లిక్ కుదరడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

క్విల్ట్ (పొరలు కలిపి కుట్టే బొంత) మీద అప్లిక్, అంటే ఆకారాలుగా కత్తిరించిన బట్ట ముక్కలను అడుగు బట్ట మీద కుట్టే పని, బాగా రాకపోతే అందరూ ముందు తమ కుట్టునే తప్పుపడతారు. నిజానికి చాలాసార్లు లోపం సూది పట్టకముందే జరిగిపోయి ఉంటుంది. మార్జిన్ (లోపలికి మడవడానికి గీత బయట ఉంచే బట్ట) ఎక్కువ వదలడమో, కత్తెర పడకూడని చోట పడడమో, ఇస్త్రీ సరిగ్గా చేయకపోవడమో అయి ఉంటుంది. పరీక్షగా ఒక హృదయం ఆకారం కత్తిరించి కుట్టి చూడండి. గుండ్రని అంచులు, లోపలికి దిగే మూల, కొసదేలిన మొన మూడూ అందులోనే ఉంటాయి కాబట్టి మీ ఇబ్బంది ఎక్కడో వెంటనే తెలిసిపోతుంది.

గుండ్రని అంచు నున్నగా రాక, పలకలు పలకలుగా కనిపిస్తోంది

మార్జిన్ ఎంత వదిలారో చూడండి. చేతి కుట్టుకు 5 మిల్లీమీటర్లు చాలు. అంతకు మించితే మడత కింద బట్ట పోగుపడి అంచు ఎత్తుపల్లాలవుతుంది. రెండో కారణం కత్తెర గాట్లు. గాట్లు పెట్టాల్సింది లోపలికి వంగిన అంచులకే. బయటికి ఉబ్బిన వంపు మీద గాటు పెడితే, పెట్టిన ప్రతిచోటా ఒక చిన్న మూల తేలుతుంది. మూడోది తొందర: అంచు మొత్తం ఒకేసారి మడవకుండా, తర్వాత వేయబోయే రెండు మూడు కుట్లకు సరిపడా మాత్రమే సూది మొనతో లోపలికి తోయండి.

ఇంత ఓపిక లేకపోతే అట్టముక్క పద్ధతి ఉంది. ఆకారాన్ని పల్చటి అట్టతో కత్తిరించండి. బట్ట మార్జిన్‌లో, అంచు చుట్టూ చిన్న రన్నింగ్ కుట్టు వేయండి. అట్టను మధ్యలో పెట్టి దారం లాగితే అంచు దానంతటదే లోపలికి ముడుచుకుంటుంది. మార్జిన్ మీద గంజి అద్ది, ఆరేదాకా ఇస్త్రీ చేసి, పూర్తిగా చల్లారాక అట్ట తీసేయండి. పూర్తి వృత్తాలకైతే నేను ఇంకో పద్ధతి జోలికి పోను.

లోపలి మూల దగ్గర పోగులు లేచిపోతున్నాయి

అన్నిటికన్నా విసిగించేది ఇదే. అక్కడ మడవడానికి బట్టే ఉండదు, గాటు మాత్రమే ఉంటుంది. ఆ గాటు ముందే పెట్టేసి, అటూ ఇటూ పట్టుకుని కుడుతుంటే చేతి రాపిడికే పోగులు ఊడిపోతాయి. అందుకే మూలకు రెండు మూడు కుట్ల దూరం వచ్చేదాకా కత్తెర తీయకండి. గాటు గీత దాకా వెళ్లకుండా, ఒకటి రెండు పోగుల ముందే ఆగాలి. పెట్టే ముందు ఆ చోట బట్టల జిగురు చుక్క ఒకటి పుల్లతో అద్ది ఆరనిస్తే ఇంకా మేలు. సరిగ్గా మూలలో మాత్రం రెండు మూడు కుట్లు దగ్గర దగ్గరగా, కాస్త లోతుగా వేయండి. నేత వదులుగా ఉన్న బట్టయితే ఇన్ని చేసినా నిలవదు. దగ్గరి నేత కాటన్‌కు మారండి.

మొన మొద్దుబారుతోంది

మొన దగ్గర రెండు వైపుల మార్జిన్లూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక వైపు చివరిదాకా కుట్టి, మొన మీదే ఇంకో కుట్టు వేసి ఆగండి. వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చిన బట్టను కొద్దిగా కత్తిరించండి. ఇప్పుడు రెండో వైపును సూదితో కిందికి తోసి, దారాన్ని మొన దిశలో మెల్లగా లాగితే కొస తేలుతుంది.

కుట్లు పైకి కనిపిస్తున్నాయి

దారం రంగు పైముక్కకు కలవాలి, అడుగు బట్టకు కాదు. 50 లేదా 60 నంబరు సన్నటి కాటన్ దారం, 10 లేదా 11 నంబరు సూది తీసుకోండి. సూది మడత కొసలోంచి పైకి రావాలి, దానికి సరిగ్గా ఎదురుగా అడుగు బట్టలోకి దిగాలి. ముందుకు జరగడమంతా వెనక వైపే.

అడుగు బట్ట ముడతలు పడుతోంది

చేతి కుట్టయితే దారం బిగించి లాగుతున్నారన్నమాట. మిషన్ మీద దట్టమైన జిగ్‌జాగ్ వేస్తుంటే బట్ట కింద స్టెబిలైజరో (బట్ట ముడుచుకోకుండా ఆసరాగా పెట్టే షీటు), చింపి తీసేయగల పల్చటి కాగితమో పెట్టండి, పై దారం టెన్షన్ కాస్త తగ్గించండి. ఏ పద్ధతైనా అడుగు బట్టను కావలసిన కొలత కన్నా అంగుళం పెద్దగా కత్తిరించి, కుట్టడం పూర్తయ్యాక సైజుకు తెచ్చుకోవడం మంచిది.

ఫ్యూజిబుల్ వెబ్‌తో అతికించినది ఊడుతోంది, లేదా అట్టలా బిగుసుకుంది

ఫ్యూజిబుల్ వెబ్ అంటే కాగితం మీద వచ్చే పల్చటి జిగురు పొర. కొత్తవాళ్లకు తేలికైన దారి ఇదే: ఇస్త్రీ వేడికి అతికించి, అంచు చుట్టూ మిషన్ మీద బ్లాంకెట్ కుట్టు (అంచును పట్టి ఉంచే కుట్టు). మడతల బెడదే లేదు. ఇది చేతిపని కన్నా తక్కువని కొందరంటారు, పట్టించుకోకండి. ఊడుతుంటే బట్టను ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్‌లో ముంచారేమో గుర్తు చేసుకోండి, అది జిగురును పట్టనివ్వదు. ఇస్త్రీపెట్టెను రుద్దకుండా, ప్యాకెట్ మీద రాసినంతసేపు ఒకేచోట ఆనించి పట్టుకోవాలి. బిగుసుకుంటే ఈసారి బట్టకు అతికించే ముందే వెబ్ మధ్య భాగం కత్తిరించి తీసేయండి, అంచు వెంట పావు అంగుళం ఉంటే చాలు. అక్షరాలు తిరగబడి వచ్చాయంటే వెబ్ కాగితం మీద నేరుగా గీశారన్నమాట. బొమ్మను అద్దంలో కనిపించినట్టు గీయాలి.

వంపుల దగ్గర బ్లాంకెట్ కుట్టు అడ్డదిడ్డంగా వస్తుంటే సూది కిందికి దిగి ఉండగానే ఫుట్ (మిషన్‌లో బట్టను నొక్కి పట్టే భాగం) ఎత్తి బట్ట తిప్పండి. బయటి వంపు మీద సూది అడుగు బట్టలో ఉన్నప్పుడు, లోపలి వంపు మీద పైముక్కలో ఉన్నప్పుడు తిప్పాలి.

లేత రంగు ముక్కలోంచి కింది బట్ట రంగు కనిపిస్తోంది

కుట్టకముందే గమనిస్తే ముక్క వెనక పల్చటి తెల్ల బట్ట అస్తరు వేయండి. కుట్టేశాక తెలిస్తే, క్విల్ట్ పొరలు కలపకముందే పైపొర తిరగేసి, కుట్టుకు పావు అంగుళం లోపలికి అడుగు బట్టను మాత్రమే పైకి లేపి కత్తిరించి తీసేయండి. వెబ్‌తో మొత్తం అతికించిన ముక్కకైతే ఈ రెండోది కుదరదు, పొరలు విడిరావు.